బీదవాని ఇంటికి చోటు



“ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు” అని మనవారు చెప్పుదురు. నేను ముప్పది యేండ్లు ఇతరుల ఇండ్లు కట్టించుటయే వృత్తిగా బ్రతికితిని. మాది బేతంచెర్ల. ఓవర్సీయరుగా పనిలో చేరి, ఇంజనీరుగా విశ్రాంతి పొందితిని. నా చేతిమీదుగా లేచిన ఇండ్లు చాలవరకు బీదవారివే. ఆ యనుభవమునుబట్టి మీతో ఒక్క సంగతి విన్నవింపదలచితిని. బీదవానికి ఇల్లు కట్టించుటకంటె ఆ యింటికి తగిన చోటు చూపుట కష్టము. సొమ్ము ప్రభుత్వ మిచ్చును; మంచి చోటు మాత్రము ఊరి పెద్దల మాటమీదనే దొరకును.

మా సీమలో పూర్వము ఇల్లనగా మిద్దె. రాతిగోడలను మట్టితో కట్టి, దూలములును దంతెలును వేసి, వానిపై బండలు పరచి, మట్టి యెత్తి, ఆపైన చవుడు కప్పెడివారు. చవుడు వాననీటిని లోనికి దిగనీయదు. కప్పు నడుమ గవాచి వెలుతురు నిచ్చును. మండువేసవిలోను అట్టి యిల్లు చల్లగా నుండెడిది. కాని ఏటేట వానలకు ముందు చవుడు వేయవలెను; చెదలు పట్టిన దంతెలు మార్చవలెను. ఈ రెండును మానిన మిద్దె ముసురు పట్టినపుడు కూలును. కలిగినవానికే మిద్దె. లేనివానికి కొట్టము.

బేతంచెర్ల విషయమున ఇందొక వింత కలదు. మా నేల క్రింద సున్నపురాయి పొరలు పొరలుగా నున్నది. భూగర్భశాస్త్రజ్ఞులు దీనిని కడప జిల్లాలోని నార్జి గ్రామము పేర నార్జి సున్నపురాయి యందురు. గడ్డపార మోపి లేపినచో పలకగా విడివడును. దానిని కోసి, పాలిషు పట్టి, దూరదేశములకు ఇంటి నేలల నిమిత్తము పంపుదురు. ఇట్లు పరుల యిండ్లకు నేల పరచు బండను గనిలో ఎత్తు కూలివాడు తాను మాత్రము చాలకాలము మట్టినేలమీద, కొట్టములోనే నివసించెను. నన్నీ వృత్తిలోనికి లాగినది ఈ వింతయే.

ప్రభుత్వములు ఊరకుండలేదు. 1979లో ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర గృహనిర్మాణ సంస్థ ఏర్పడెను. 1983 తరువాత బీదలకు పక్కా యిండ్లు కట్టించు పని విస్తరించెను. 1985లో కేంద్రమున ఇందిరా ఆవాస్ యోజన, 2006లో రాష్ట్రమున ఇందిరమ్మ పథకము, 2015, 2016 సంవత్సరములలో పట్టణములకును గ్రామములకును ప్రధానమంత్రి ఆవాస్ యోజన వచ్చెను. 2020 డిసెంబరు 25న రాష్ట్రమంతట స్త్రీల పేర ఇంటిస్థలముల పట్టాలు పంచ మొదలిడిరి. గ్రామములలో సెంటున్నర, పట్టణములలో సెంటు. ఇంటికి 1 లక్ష 80 వేల రూపాయలు. పథకముల పేర్లు మారినవి, మొత్తములు పెరిగినవి. చోటు ప్రశ్న మాత్రము మారలేదు.

నేను పనిచేసిన రెండు గ్రామములను పేరు చెప్పక పోల్చి చూపుదును. మొదటి గ్రామమున పెద్దలు, “వారిని ఊరికి దూరముగా నుంచుడు” అనిరి. రెండు మైళ్ల దూరమున, వంక యొడ్డున, చౌకగా దొరికిన బంజరులో కాలనీ వేయించిరి. గోడలు గట్టివే, కప్పులు గట్టివే. కాని నీళ్లకు ఊరికి రావలెను. కూలికి ఊరికి రావలెను. చీకటిపడిన ఆడవారు దారి నడువలేరు. రెండేండ్లలో సగము ఇండ్లకు తాళములు పడినవి. వారందరు మరల ఊరిప్రక్క కొట్టములు వేసికొనిరి. రెండవ గ్రామమున ఒక వృద్ధుడు ఊరికి ఆనుకొనియున్న తన కళ్లపు దొడ్డిని ఇచ్చెను. “నా కళ్లములో నూర్చినవారు అక్కడనే కాపురముండరాదా?” అని యాయన ఇతరుల నోరు మూయించెను. అక్కడ ఒక్క తలుపునకును తాళము పడలేదు. రెండు చోట్లను నమూనా ఒక్కటే, ఖర్చు ఒక్కటే.

కావున స్థలము నెన్నునపుడు నాలుగు సంగతులు విచారింపుడు. మొదటిది, పని. గనికిని పాలిషు ఫ్యాక్టరీకిని పోవు కూలివానికి నడకదూరములో ఇల్లుండవలెను. సిమెంటు కర్మాగారము వెలసినపుడు దాని ప్రక్కనే సిమెంటునగరు వెలసినది గదా! రెండవది, త్రాగునీరు. పట్టా పంచుటకు ముందే బోరు వేసి చూడవలెను. మూడవది, పల్లము. మన సీమ కరవుసీమ యని వంక పల్లమును లెక్కచేయరు. 2009 అక్టోబరులో తుంగభద్రయు హంద్రియు పొంగి కర్నూలు పట్టణమును ముంచిన సంగతి మరువరాదు. నాల్గవది, నేల. నల్లరేగడి తడిసిన ఉబ్బును, ఎండిన బీటలు వారును. దానిపై తేలిక పునాది వేసిన గోడ పగులును. రాతినేల యున్నచోట కొద్దిలోతుననే గట్టి దొరకును, పునాది ఖర్చు తగ్గును. గనులవద్ద గుట్టలుగా పడియున్న ముక్కరాళ్లు పునాదికిని గోడకును చక్కగా నుపయోగించును.

ఇక ఊరిలోపలి సంగతి. మన ఊళ్ల నడుమ నేడు ఎన్ని మిద్దెలు కూలి, కంపచెట్లు మొలచి యున్నవో చూడుడు. వారసులు హైదరాబాదులోనో బెంగుళూరులోనో ఉందురు, వాటాలు తేలవు, ఎవ్వరును ముట్టరు. ఊరి గుండె ఖాళీగా నుండగా, మనము ఊరికి వెలుపల పొలములను చెరచి కాలనీలు వేయుచున్నాము. నడిబొడ్డున బావి యున్నది, బడి యున్నది, దీపమున్నది. వాటాదారులను పిలిచి, న్యాయమైన వెల చెప్పి, ఆ చోటును ఇల్లులేనివానికి ఇప్పించుట పెద్దమనుషులు చేయదగిన పంచాయతీ.

ఇది క్రొత్త యాలోచన కాదు. 1914–15లో పాట్రిక్ గెడ్డిస్ అను స్కాట్లండు పండితుడు మద్రాసు రాజధానిలోని పట్టణములను తిరిగి చూచెను. పాతవాడలను నేలమట్టము చేయరాదనియు, శిథిలమైనదానిని మాత్రము తీసి, గాలికి కొంత తావు వదలి, చెట్టు నాటి, మిగిలినవానిని బాగుచేయవలెననియు ఆయన బోధించెను. హైదరాబాదులో 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి వేలమందిని పొట్టన పెట్టుకొన్న తరువాత, 1912లో నగరాభివృద్ధి మండలి ఏర్పడి, ఇరుకువాడలను విప్పి, రోడ్లు వేసి, బీదలకు తక్కువ అద్దెయిండ్లు కట్టించెను. అదే నగరమున 1967లో పట్టణ సమాజాభివృద్ధి పథకము ఆరంభమయ్యెను. దాని క్రింద గుడిసెవాసులను తరుమక, ఉన్నచోటనే పట్టాలిచ్చి, బ్యాంకు ఋణముల నిప్పించి, వారిచేతనే పక్కా యిండ్లు కట్టించిరి. పనికిని ఇరుగుపొరుగునకును దూరము కాలేదు గనుక వారు ఆ యిండ్లను నిలుపుకొనిరి.

బేతంచెర్ల కూడ ఇప్పుడు పల్లె గాదు. 2021లో నగర పంచాయతీ ఎన్నికలు జరిగినవి. 2022లో మా ఊరు కర్నూలు జిల్లానుండి నంద్యాల జిల్లాలో చేరినది. ఊరు పట్టణమగునపుడు భూమి వెల పెరుగును. బీదవాడు అంచునకు నెట్టబడును. ఇప్పుడు చోటు నిలుపకున్న తరువాత నిలుపజాలము.

చోటు చూపిన తరువాత కూడ మీ పని తీరదు. ప్రభుత్వపు సొమ్ము మెట్టు మెట్టుగా వచ్చును. పునాది లేచినపిమ్మట ఒక బిల్లు, కప్పు మట్టమునకు వచ్చినపిమ్మట మరియొక బిల్లు. చేత పైస లేని విధవరాలు పునాది దేనితో వేయగలదు? వడ్డీకి తెచ్చును; ఇల్లు ముగియకముందే అప్పు ముదురును. నలుగురు కలిసి మేస్త్రీని కుదిర్చి, ముక్కరాళ్లు తోలించి, బిల్లు వచ్చువరకు ఆగినచో ఆమె గడప నిలుచును. సెంటున్నర యనగా 72 చదరపు గజములకు కొంచెము పైన. అందులో ఇల్లు పోగా మేకను కట్టుటకు చోటుండదు. కావున కాలనీ వేయునపుడే పశువులకును కట్టెలకును ఉమ్మడి దొడ్డి యొకటి విడువుడు.

అయ్యా, మీలో పలువురికి ఇంటిస్థలముల విషయమై తహసీలుదారునుండియో పంచాయతీనుండియో పిలుపు వచ్చును. ఆనాడు నక్షామీద వ్రేలుపెట్టి చూపుటకు ముందు, ఒక దినము సాయంకాలము నీళ్లబిందె చంకన పెట్టుకొని వచ్చు ఆడమనిషితో కూడ ఆ చోటినుండి ఊరివరకు నడిచి చూడుడు. ఆ నడక మీకు కష్టమైనచో అది ఇంటిచోటు గాదు, వేరొకటి వెదకుడు.

సెలవు.