సొంతంగా లీనియర్ ఆల్జీబ్రా నేర్చుకోవడం ఎలా?
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



నిర్వాహకులు నాకు ఇచ్చింది పది నిమిషాలు. పాత జ్ఞాపకాలు నాకంటే బాగా చెప్పేవాళ్లు ఇక్కడ చాలామంది ఉన్నారు. అందుకని పనికొచ్చే విషయం ఒకటి చెప్పి దిగిపోతాను.

ఈ మధ్య మనవాళ్ల పిల్లలూ, నా ఈడు ఇంజనీర్లూ ఒకే ప్రశ్న అడుగుతున్నారు. "మెషీన్ లెర్నింగ్‌కి ముందు లీనియర్ ఆల్జీబ్రా రావాలంటున్నారు. ఇంటర్‌లో మాత్రికలు చేశాం గానీ అవి ఎందుకో తెలియదు. ఇప్పుడు మాస్టారు లేకుండా వస్తుందా?" వస్తుంది. కానీ ఆ "ఎందుకో" దగ్గరే మొదలుపెట్టాలి.

రెండు కొబ్బరికాయలు, డజను అరటిపండ్లు కలిపి 110 రూపాయలు. ఒక కొబ్బరికాయ, డజను అరటిపండ్లు 80 రూపాయలు. కాయ 30, డజను 50 అని ఇక్కడ పిల్లలెవరైనా చెప్తారు. ఇప్పుడు రెండో బిల్లు మార్చుదాం. నాలుగు కాయలు, రెండు డజన్లు, 220 రూపాయలు. ఇది మొదటి బిల్లునే రెట్టింపు చేసినది. కొత్త సంగతేమీ లేదు, ధరలు తేలవు. అదే బిల్లు 200 అని ఉంటే రెండు బిల్లులకూ సరిపోయే ధరలే లేవు. ఈ రెండు సందర్భాల్లోనూ నిర్ధారకం సున్నా. ఇంటర్‌లో అడ్డంగా గుణించి తీసివేసిన ఆ సంఖ్య, మన దగ్గరున్న సమాచారం చాలుతుందా లేదా అని చెప్తోందన్నమాట.

నేను విద్యుత్ రంగంలో పనిచేస్తాను. లోడ్ ఫ్లో లెక్కల్లో వందల బస్సులుంటాయి. ఆర్టీసీ బస్సులు కాదు, లైన్లు కలిసే చోట్లని మేం అలా అంటాం. కరెంటు ఎటు పారుతుందో వోల్టేజి కోణాల తేడాలే నిర్ణయిస్తాయి. కాబట్టి ఒక బస్సును ఆధారంగా పెట్టుకోకపోతే కంప్యూటర్ "సింగ్యులర్ మ్యాట్రిక్స్" అని ఆగిపోతుంది. కొబ్బరికాయల బిల్లులో చూసిన సున్నాయే అది.

ఇక సాధనాలు. చాలా ఉన్నాయి గనక వరస ముఖ్యం.

ముందు కళ్లతో చూడండి. త్రీ బ్లూ వన్ బ్రౌన్ పేరుతో గ్రాంట్ శాండర్సన్ 2016లో చేసిన చిన్న వీడియోలున్నాయి. మాత్రిక అంటే తలాన్ని సాగదీసి తిప్పే పని అనీ, నిర్ధారకం అంటే వైశాల్యం ఎన్ని రెట్లయిందో చెప్పే సంఖ్య అనీ బొమ్మల్లో కనిపిస్తుంది. ఫోన్‌లో జియోజీబ్రా పెట్టుకుని అదే మీరు చేసి చూడవచ్చు.

తర్వాత ఒక మాస్టారిని పట్టుకోండి. ఎం.ఐ.టి.లో 1962 నుంచి 2023 దాకా పాఠం చెప్పిన గిల్బర్ట్ స్ట్రాంగ్ గారి ఉపన్యాసాలు ముప్పైకి పైగా ఉచితంగా దొరుకుతాయి. నల్లబల్ల, సుద్దముక్క, అంతే. మన తరగతి గదిలాగే ఉంటుంది. మన యాస ఇంగ్లీషు కావాలంటే ఐఐటీల ఎన్‌పీటెల్ పాఠాలున్నాయి. వినడం ఉచితం, సర్టిఫికెట్ పరీక్షకే ఫీజు.

మూడోది లెక్కలు చేయడం. వీడియో చూస్తున్నంతసేపూ అంతా అర్థమైనట్టే ఉంటుంది, నోట్‌బుక్ తెరిస్తే గానీ తెలియదు. జిమ్ హెఫరన్ గారి పుస్తకం ఉచితం. అభ్యాసాలకు జవాబులు కూడా ఇచ్చారు. ఒంటరిగా చదివేవాడికి అదే పెద్ద అండ.

చివరికి యంత్రం. ఆక్టేవ్ గానీ, పైథాన్‌లో నమ్‌పై గానీ. రెండూ ఉచితమే. మూడు వరుసల మాత్రికను చేత్తో చేసి, యంత్రంతో సరిచూసుకోండి. ముందే యంత్రానికి ఇస్తే జవాబు వస్తుంది, చదువు రాదు. రోజుకు అరగంట చొప్పున కూర్చుంటే ఆరు నెలల్లో గట్టి పునాది పడుతుంది.

అసలు అడ్డంకి లెక్క కాదు, భాష. తెలుగు మీడియం పిల్లవాడికి సదిశ తెలుసు, వెక్టర్ అనగానే బెదురుతాడు. విలోమం తెలుసు, ఇన్వర్స్ అంటే కొత్తదనుకుంటాడు. తనకు తెలిసినదాన్నే తెలియదనుకుని వెనక్కి తగ్గుతాడు. విలోమం లేని మాత్రికలకూ పనికొచ్చే సాధారణీకృత విలోమం మీద 1971లో సుజిత్ కుమార్ మిత్రాతో కలిసి పుస్తకం రాసిన సి.ఆర్.రావు గారు తెలుగువారు, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివినవారు. ఈ విషయం మనకు పరాయిది కాదు.

కాబట్టి సంఘానికి నాదొక మనవి. తెలుగు మాట, ఇంగ్లీషు మాట, ఒక చిన్న ఉదాహరణ, ఇలా యాభై పదాల పట్టిక తయారుచేసి బడి గోడకు పెడదాం. గణితం మాస్టార్లు సరిదిద్దితే మొదటి ప్రతి నేను రాస్తాను. లైబ్రరీలో ఒక కంప్యూటర్‌లో ఈ పాఠాలు ముందే దింపి ఉంచితే, ఇంట్లో నెట్ లేని పిల్లలకూ అందుతాయి. నెలకో ఆదివారం సందేహాలు తీర్చడానికి నేను సిద్ధం. ఇంకో ఇద్దరు ముగ్గురు చేతులెత్తితే చాలు.