ఆవు వాటా మొక్కకు

పూర్వము మన ఇండ్లలో పెరటి గుమ్మము ప్రక్కన కుడితి తొట్టి యుండెడిది. బియ్యము కడిగిన కడుగు, మిగిలిన గంజి, కూరగాయల తొక్కలు అందులో పడెడివి. అవి పశువునకు మేతయై, పాలుగాను పేడగాను తిరిగి ఇంటికే వచ్చెడివి. నేడు పట్టణములలో పెక్కిండ్ల పశువు లేదు, తొట్టియు లేదు. కాని కడుగు ఉన్నది, తొక్కలు ఉన్నవి. ఆవు వాటాను ఇప్పుడు మురుగుకాలువ త్రాగుచున్నది. ఆ వాటాను మొక్కలకు మరల్చుట యెట్లో నేడు మనవి చేయదలచితిమి.

మొదట నీటి మాట. నలుగురున్న ఇంట పూటకు రెండు లీటర్ల కడుగు పారబోయుదురనుకొందము. దినమునకు 4 లీటర్లు, నెలకు 120 లీటర్లు. కుళాయి కొరకు ఎదురుచూడవలసిన వేసవిలో ఇది స్వల్పము కాదు. ఏనాటి కడుగు ఆనాడే కరివేపకు, బచ్చలిపాదుకు పోయవలెను. నిలువ యుంచినచో పులిసి కంపు కొట్టును. ఉప్పు వేసిన గంజి మాత్రము పనికిరాదు.

అన్ని నీళ్లును ఒక్కటి కావు. అంట్లు తోమిన సబ్బునీరు ఆకుకూరలకు తగదు. సబ్బుపొడులలోని సోడియము నేలలో పేరుకొన్నచో మన్ను గట్టిపడి నీటిని పీల్చుకొనదు. త్రాగునీటిని శుద్ధిచేయు ఆర్‌.ఓ. యంత్రము ఒక లీటరు మంచినీటికి తరచుగా రెండు మూడు లీటర్లు బయటికి విడుచును. అందులో లవణములు చిక్కబడి యుండును గనుక దానితో నేల తుడుచుకొనవచ్చును, మరుగుదొడ్డి కడుగుకొనవచ్చును. కుండీలకు నిత్యము పోయరాదు.

వేసవిలో శివలింగముపై కట్టు ధారాపాత్రను చూడనివారుండరు. ఆ పొదుపునే పాదులలోను పాటింపవచ్చును. రంగు వేయని, నూనె పీల్చని పాత మట్టికుండను రెండు మొక్కల నడుమ మెడవరకు పాతి, నీరు నింపి మూత పెట్టవలెను. కుండ గోడలనుండి నీరు మెల్లగా ఊరి వేళ్లకందును. ఎండకు ఆవిరియై పోవునది తగ్గును. మూత మరువరాదు. డెంగ్యూ జ్వరమును వ్యాపింపజేయు ఏడిస్ దోమ ఇంటి పట్టున నిలిచిన నీటిలోనే పెరుగును. గ్రుడ్డు దోమ యగుటకు వారము, పది దినములు చాలును. కావున కుండీల క్రింది పళ్లెములను వారమునకొకసారియైన వంచి, తోమి ఆరబెట్టవలెను.

ఇక తొక్కలు. ఇండోరులో ఆల్బర్ట్ హోవర్డ్ తన సహచరులతో రూపొందించి 1931లో గ్రంథరూపమున ప్రకటించిన కంపోస్టు పద్ధతి పొలములకు ఉద్దేశించినది. దాని సారము ఒక పాత బక్కెట్టులోను ఇముడును. బక్కెట్టు అడుగునను ప్రక్కలను రంధ్రములు చేసి, తొక్కలు ఒక వంతు, ఎండుటాకులు రెండు వంతులు, పిడికెడు మన్ను, పొరలు పొరలుగా వేయవలెను. వారమునకొకసారి కలియత్రిప్పినచో గాలి యాడును. కంపు వచ్చెనా, తడి యెక్కువైనదని గుర్తు. మరికొన్ని ఎండుటాకులు చేర్చిన సరిపోవును. మాంసము, ఎముకలు వేసినచో ఎలుకలు చేరును. రెండు మూడు నెలలకు అది నల్లబడి మట్టివాసన వచ్చిననాడు ఎరువు సిద్ధమైనట్లే. పెరడు లేని మేడ యిండ్లవారికి వరండాలో రెండు కుండీలున్నను చాలును.

ఒక్క మాట గృహయజమానులకు ప్రత్యేకముగా చెప్పవలసియున్నది. పొదుపు పేరిట ఇల్లాలి చేతికి ఇంకొక బిందె అందించుట పొదుపు కాదు. రూపాయి మిగిలి నడుము విరిగినచో లాభమేమి? కడుగు ఆమె పట్టియుంచినచో దానిని మొక్కకు మోయునది పిల్లలు కావలెను. బక్కెట్టు కలియత్రిప్పు పని తండ్రిది కావలెను. పని పంచుకొన్న ఇంట ఈ యలవాటు నిలుచును; ఒక్కరిపై పడిన ఇంట పది దినములకే మూలబడును.

ఇందుకు క్రొత్తగా కొనవలసిన వస్తువు లేదు. రేపు ఉదయము బియ్యము కడుగునప్పుడు సింకులో ఒక గిన్నె పెట్టుడు. ఆ గిన్నెను పెరటికి తీసికొనిపోవు వారెవరో ఈ రాత్రి భోజనముల వేళనే నిర్ణయించుకొనుడు.