వంటింటి మరమ్మతులు



సూరతు చెంతనున్న కడోదరా మిల్లులకు పేరొందిన ఊరు. సూరతు ప్రాంతమునకు తెలంగాణమునుండి మగ్గముల పనికై తరలివచ్చిన కుటుంబములు అనేకము. అద్దెగదిలో ఒక మూలయే వంటిల్లైన చోట, ప్రతి చిన్న మరమ్మతునకును పనివానిని పిలిచిన ఆనాటి కూలి అతనికే చెల్లును. చిన్న జీతపు ఇంటనైనను లెక్క ఇంతే.

కుళాయి బిగించినను చుక్కలు పడుచున్నచో వాషరు అరిగినదని ఎరుగవలెను. ముందు నీటిని కట్టివేసి, మర విప్పి, క్రొత్తది వేసిన చాలును. కుక్కరు మూత అంచులనుండి ఆవిరి పోవుచున్నచో గాస్కెట్టు మార్చవలెను. పొయ్యి మంట పసుపుపచ్చగా లేచినచో, బర్నరు చల్లారిన పిదప దాని రంధ్రములను సూదితో శుభ్రపరచవలెను.

అయితే పొదుపునకు ఒక హద్దు కలదు. చీలిన గ్యాసు గొట్టమునకు గుడ్డ చుట్టరాదు. రెగ్యులేటరును విప్పి బాగుచేయబూనరాదు. గొట్టమును అయిదేండ్లకొకసారి మార్చవలెను. అతుకులపై సబ్బునీరు పూసినప్పుడు బుడగలు లేచినచో, రెగ్యులేటరు కట్టి, తలుపులు తెరచి, విద్యుత్ మీటలు ముట్టక, వెలుపలికి వచ్చి 1906కు ఫోను చేయవలెను.

వాషరు మార్చుట పిల్లలకు నేర్పునాడే, ఈ హద్దును కూడ నేర్పుదురు గాక!