బిడ్డ వెనుకబడెనా, మన మాట చేరలేదా?

(అరకులోయయందు ఉపాధ్యాయుల సభలో గావించిన ప్రసంగ పాఠము)



వెనుకవరుసలో కూర్చుండి, పిలిచిన పలుకక, నల్లబల్లమీది వ్రాత చూచి వ్రాయలేక, దినమంతయు మిన్నకుండు బిడ్డ ప్రతి కొండబడిలోను కనబడును. అట్టి బిడ్డనుగూర్చి మనము రిజిస్టరులో వ్రాయు మాట "వెనుకబడినవాడు" అనునది ఒక్కటే. ఆ యొక్క మాటలో ఎన్నో వేర్వేరు సంగతు లణగియున్నవి. వానికి చెవి కొంచెము మందము కావచ్చును, దూరపుచూపు ఆనకపోవచ్చును. అక్షరములను పోల్చుకొనుటలోనే చిక్కు ఉండవచ్చును. మేధోవికాసము నెమ్మదిగా సాగుచుండవచ్చును. లేదా, ఇవి యేవియు గాక, వానికి తెలుగు రాకపోవచ్చును. వీనిని వేరుపరచి చూడ నేర్చుటయే ఈ సీమ ఉపాధ్యాయునకు కావలసిన తొలి శిక్షణ యని నా మనవి.

పల్లపుసీమ ఉపాధ్యాయునకు ఈ చిక్కు ఇంతగా లేదు. అరకు వారపుసంతలో ఒక గడియ నిలుచుండిన చాలును, మూడు భాషాకుటుంబములు చెవినబడును. కువి, కొండభాషలు ద్రావిడములు; గుతోబు గదబ ముండాభాష; ఆదివాసీ ఒరియా ఆర్యభాష. వీనిలో ఒకదానిని ఇంట మాటలాడు అయిదేండ్ల బిడ్డ బడిలో అడుగిడిన దినముననే తెలుగువాచకము చేతబట్టవలసి వచ్చుచున్నది. కువి పలుకుబడిలో మహాప్రాణములు లేవు. ఆ బిడ్డ 'ఘటము'ను 'గటము' అన్నయెడల అది నాలుకదోషము కానేరదు. (పల్లపువారిలో ఎందరు ఘకారమును ఘకారముగా పలుకుచున్నారో ఎవరికి వారే విచారించుకొందురుగాక!)

ఇందువలన రెండు అన్యాయములు జరుగుచున్నవి. చురుకైన బిడ్డకు మందుడన్న ముద్ర పడుట మొదటిది. దీనినిగూర్చి సభలలో అప్పుడప్పుడైనను విందుము. రెండవదానిని పలుకువారు తక్కువ. నిజముగా చెవి మందగించిన బిడ్డను చూచి "కొండబిడ్డ, తెలుగు రాదు, నాలుగు దినములు పోయిన వచ్చును" అని సరిపెట్టుకొందుము. నాలుగు దినములు నాలుగేండ్లగును. చెవిలో చీముకారి మానక, వినికిడి తగ్గిన బిడ్డ ఐదవ తరగతి వచ్చునప్పటికి బడి మానును. భాష అను తెర వెనుక వైకల్యము దాగినది. ఆ తెరను తొలగించు సాధనము ఉపాధ్యాయుని చేతికి మన మీయలేదు.

ఇది మన కొండలకే పరిమితమైన సంగతి కాదు. అమెరికాలోని కాలిఫోర్నియాయందు స్పానిష్ మాటలాడు ఇండ్ల బిడ్డలను ఆంగ్లములో పరీక్షించి, బుద్ధిమాంద్యము గలవారని వేరు తరగతులలో కూర్చుండబెట్టిరి. తొమ్మిదిమంది బిడ్డల పక్షమున న్యాయస్థానమున వ్యాజ్యము నడచెను. వారి భాషలో మరల పరీక్షింపగా పెక్కుమంది ఆ గీతను దాటిరి. 1970లో కుదిరిన రాజీ ననుసరించి బిడ్డను ఇంటిభాషలో పరీక్షించుట అచట విధియైనది.

మన శాసనము సంగతి చూతము. 1995 నాటి చట్టము ఏడు వైకల్యములను పేర్కొనగా, 2016 నాటి చట్టము వానిని 21కి పెంచి, అభ్యసన వైకల్యమును, ఈ మన్యమున పీడించు సికిల్‌సెల్ వ్యాధినికూడ చేర్చినది. కీళ్లనొప్పులతో మాటిమాటికి బడి మాను బిడ్డను సోమరి యని కొట్టుటకు ముందు ఆ వ్యాధి పేరు గురువునకు గుర్తు రావలెను. అయితే చట్టము కల్పించిన ప్రత్యేక సౌకర్యములలో పెక్కింటికి నూటికి 40 వంతుల వైకల్యమున్నట్లు ధ్రువపత్రము కావలెను. స్వల్పవైకల్యముగల బిడ్డ ఆ గీతకు ఈవల నిలిచిపోవును. వానికి పింఛను లేదు, పత్రము లేదు. ఉన్నది పంతులు ఒక్కడే.

ఈ సందర్భమున గిడుగు రామమూర్తి పంతులుగారిని స్మరింపక తీరదు. పర్లాకిమిడి పాఠశాలలో ఉపాధ్యాయుడై యుండి, ఇవే తూర్పుకనుమల సవరలకు చదువు చెప్పదలచి, రెండుభాషలు నెరిగిన వానిని తన యింటనే ఉంచుకొని ముందుగా సవరభాష నేర్చెను. పిదప ఆ భాషలో వాచకములు వ్రాసి, సొంత సొమ్ముతో బడులు పెట్టి, ఉపాధ్యాయులకు జీతము లిచ్చెను. ప్రభుత్వము పారితోషిక మీయబోగా, ఆ ద్రవ్యముతో సవరలకు బడి పెట్టుడని కోరెను. అడవులలో తిరుగగా వచ్చిన మలేరియాకు క్వినైను సేవించి, దానివలన శాశ్వతముగా చెవి మందగించెను. ఆ చెవితోనే ఆయన కృషి సాగించి 1931లో సవర వ్యాకరణమును, 1938లో నిఘంటువును వెలువరించెను. వినికిడి తగ్గిన మనుజుని బుద్ధి తగ్గునా యని సందేహించువారికి ఇంతకంటె నిదర్శన మేల? (ఏ గ్రాంథికమును బడినుండి తొలగింపుడని ఆయన పోరాడెనో ఆ గ్రాంథికములోనే ఆయనను కొనియాడుట ఆయన విన్న నవ్వుకొనును.)

ఆయన చూపిన త్రోవలో 2004లో ఉమ్మడి రాష్ట్రము కువి, కొండ, ఆదివాసీ ఒరియా, సవర మొదలగు ఎనిమిది భాషలలో మాతృభాషాబోధన మొదలిడినది. ఆ వాచకములు తెలుగులిపిలోనే యున్నవి. దీనిలోని సూక్ష్మమును గమనింపుడు. బిడ్డ తన మాటలనే మన అక్షరములతో చదువును గనుక, భాషచిక్కు తొలగి అక్షరపుచిక్కు ఒక్కటే మిగులును. కువి బిడ్డను కువి బిడ్డలతోనే పోల్చుడు. తెలుగింటి బిడ్డతో పోల్చకుడు. తన భాషలో కథ చక్కగా చెప్పుచు, చూపు వినికిడి బాగుండియు, తోడివారు దాటిన గుణింతములవద్దనే రెండవయేడును తడబడు బిడ్డయందు అభ్యసన వైకల్యమును శంకింపవచ్చును. అట్టివానికి వ్రేలితో దిద్దుచు, పైకి పలుకుచు, కంట చూచుచు అక్షరము నేర్పవలెనని 1930లలో అమెరికాలో ఆర్టన్, గిల్లింగ్‌హామ్ పద్ధతి యేర్పడినది. మన వీధిబడులలో ఇసుకలో దిద్దించినది దీనికి దగ్గరి చుట్టమే.

చూపు పరీక్షకు భాషయే అక్కరలేదు. ఆంగ్లపు 'ఈ' అక్షరమును నాలుగుదిక్కులకు త్రిప్పి ముద్రించిన పటమును ఆరు మీటర్ల దూరమున నిలిపి, కొమ్ములు ఏవైపున్నవో చేతితో చూపుమనిన చాలును. వినికిడికి మాత్రము భాష కావలెను. బిడ్డ వెనుక చేతిదూరమున నిలిచి, ఒక చెవి మూసి, రెండవ చెవికి గుసగుసగా మాట చెప్పి తిరిగి పలుకుమనవలెను. ఆ మాట తెలుగుమాట యైనచో పరీక్ష వ్యర్థము. ఇవి గుర్తుపట్టుటకే, నిర్ణయము వైద్యునిది. ఇక మేధోవైకల్యము: చట్టము దానికి బుద్ధిశక్తిని మాత్రమేగాక నిత్యజీవిత వ్యవహారమునుగూడ ప్రమాణముగా చెప్పినది. బడిలో కూడిక రాని బిడ్డ సంతలో పిప్పళ్లమ్మి చిల్లర సరిగా తెచ్చునా? మేకలను లెక్కతప్పక తోలుకొని వచ్చునా? తల్లి నడుగుడు, ఆమె భాషలో అడుగుడు.

ఇంతటి పనికి మన ఉపాధ్యాయుడు సిద్ధపడియున్నాడా? 2014 నిబంధనల పిమ్మట బి.ఇడి. పాఠ్యక్రమమున సమ్మిళితవిద్య ఒక పాఠ్యాంశమైనది. 2022లో జాతీయ విద్యా పరిశోధన శిక్షణ మండలివారు 'ప్రశస్త్' అను పరిశీలనాపట్టికను యాప్ రూపమున ఇచ్చిరి. మంచివే. అయితే బిడ్డ పలుకు నెరుగని చేయి ఆ పట్టికలో గుర్తు పెట్టినపుడు, ఆ గుర్తు ఎవరి లోపమునకు?

షెడ్యూల్డు ప్రాంతముల ఉపాధ్యాయోద్యోగములు స్థానిక గిరిజనులకే యని 2000 సంవత్సరమున వెలువడిన మూడవ నంబరు జీవోను సుప్రీంకోర్టు 2020లో కొట్టివేసినది. రిజర్వేషనుపై ఎవరి అభిప్రాయ మెట్లున్నను, ఆ ఉత్తర్వు నీడలో బడిలోనికి వచ్చిన ఇంటిభాష దానితోబాటు పోరాదు. అదే న్యాయస్థానము 2021లో ప్రాథమికదశలో వైకల్యముగల 10 మంది బిడ్డలకు, ఆపైన 15 మందికి ఒక్కొక్క ప్రత్యేకోపాధ్యాయు డుండవలెనని తీర్పు చెప్పినది. 2025లో మన రాష్ట్రము 2,260 ప్రత్యేకోపాధ్యాయ పదవులను మంజూరు చేసినది. సంతోషమే. కాని పండ్రెండుమంది బిడ్డలుండు కొండగూడెపు బడిలో అట్టివారు పదిమంది యెన్నడును ఉండరు. ప్రత్యేకోపాధ్యాయుడు మండలపు భవిత కేంద్రమునుండి వాగులు దాటి ఎప్పుడో వచ్చును. తక్కిన దినములన్నియు ఏకోపాధ్యాయునివే.

కావున పాడేరు అధికారులకు నేను విన్నవించుకొనునది ఇది. కొండకు వచ్చు ప్రతి ఉపాధ్యాయుడును, ప్రత్యేకోపాధ్యాయుడు మొదలు, ఉద్యోగము స్థిరపడుటకు ముందు ఒక గూడెమున నెలదినములైనను నివసించి, ఒక కొండభాషలో బిడ్డతో మాటలాడగలనని చూపవలెను. మాతృభాషావాచకము బోధించు స్థానికుని, భవిత కేంద్రపు ఉపాధ్యాయుని ఒకే బల్లవద్ద కూర్చుండబెట్టి, శంకింపబడిన ప్రతి బిడ్డను ఇరువురును కలిసి చూచిన పిదపనే రిజిస్టరులో వ్రాయవలెను. రానున్న జూనులో బడులు తెరచునాటికి ఒక్క మండలముననైన దీనిని ఆరంభింపవచ్చును. ఇందులకు క్రొత్త భవనము లక్కరలేదు, ఒక ఉత్తర్వు చాలును.