ఒకే జ్వరం, రెండు లెక్కలు
(ఉపకార వేతనాల పంపిణీ సభలో చేసిన ప్రసంగ పాఠం)



నేను డాక్టరును కాను. బి.కాం. చదివి, బ్యాంకులో గుమాస్తాగా పనిచేసి రిటైరైనవాణ్ణి. లెక్కల మనిషిగానే నాలుగు మాటలు చెబుతాను.

2020 మార్చిలో ఉగాండాలో తొలి కరోనా కేసు బయటపడింది. కొద్ది రోజుల్లోనే బస్సులు ఆపేశారు, తర్వాత సొంత వాహనాలూ ఆపేశారు. రోగిని కారులో ఆస్పత్రికి తీసుకెళ్లాలన్నా జిల్లా అధికారి అనుమతి కావలసి వచ్చింది. కరోనాకు అది కట్టడే. కాని ఆ పేద దేశంలో మలేరియా ఏడాది పొడవునా ఉంటుంది. పసిపిల్లలకు ఒకటి రెండు రోజులు మందు ఆలస్యమైతే ప్రాణం మీదికి వస్తుంది. రెండు జబ్బులకూ మొదటి గుర్తు జ్వరమే!

వాళ్లు ఏం చేశారు? జనాన్ని ఒకచోట గుమికూడనీయకుండా, ఇంటింటికీ తిరిగి రెండున్నర కోట్లకు పైగా దోమతెరలు పంచారు. ఊళ్లలోని ఆరోగ్య కార్యకర్తలు వేలి నుంచి రక్తపు చుక్క తీసి పరీక్షించి, అక్కడే మాత్రలిచ్చే పద్ధతి ముందే ఉండడం అక్కరకొచ్చింది.

దోమతెరలూ మందులూ ఆగితే ఆఫ్రికాలో మలేరియా మరణాలు రెట్టింపు కావచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 ఏప్రిల్‌లో హెచ్చరించింది. అంత జరగలేదు. అయినా నష్టం తప్పలేదు. ఆ సంస్థ 2021 నివేదిక ప్రకారం, 2019 కంటే 2020లో ప్రపంచంలో మలేరియా మరణాలు 69 వేలు పెరిగాయి. అందులో సుమారు 47 వేలు సేవలకు ఆటంకం కలగడం వల్లనే.

కొత్త ఖర్చు వచ్చి పడిందని పాత అప్పు వాయిదా ఆగదు కదా! జబ్బుల లెక్కా అంతే.

ఇది మనకు దూరపు ముచ్చట కాదు. కోరాపుట్, రాయగడ, మల్కన్‌గిరి వైపు ఉన్న మన కుటుంబాలకు మలేరియా కొత్తది కాదు. తల్లిదండ్రులారా, హాస్టల్ నుంచి బిడ్డ ఫోన్ చేసి జ్వరమంటే, ఒక మాత్ర వేసుకుని పడుకోమనకండి. ఆ రోజే రక్త పరీక్ష చేయించుకోమనండి. ఒక జబ్బు తేలిందని రెండోది లేదనుకోవద్దు, రెండూ కలిసి రావచ్చు. విద్యార్థులారా, మలేరియా మందు మొదలుపెడితే, జ్వరం తగ్గినా డాక్టరు చెప్పినన్ని రోజులూ వాడండి.

చదువు ముఖ్యమే, ఆ చదువుకునే ప్రాణం అంతకంటే ముఖ్యం.