కర్ర చట్రానికి కాపుదల

బ్రిటన్‌లో 1953 నుంచి 1971 వరకు తయారైన మోరిస్ మైనర్ ట్రావెలర్ కారు వెనుక భాగంలో కనిపించే కర్ర కేవలం అలంకారం కాదు. ఆ భాగాన్ని నిలబెట్టే చట్రమే అది. యాష్ కలపతో చేస్తారు. గట్టి కలపే, కానీ తడి నిలిస్తే పుచ్చిపోతుంది.

నీరు ఎక్కువగా అతుకుల్లోంచి, కోసిన చివరల్లోంచి దిగుతుంది. అందుకే కొత్త చట్రం బిగించేముందే ప్రతి ముక్కకూ, లోపల దాగిపోయే వైపులకు సైతం, పుచ్చు పట్టనివ్వని మందు పట్టించాలి. బాగా ఆరాక వార్నిష్ పలచగా పలుమార్లు వేయాలి. పూతకూ పూతకూ మధ్య సన్నని ఉప్పుకాగితంతో రుద్దాలి.

తర్వాత కూడా కనిపెట్టి ఉండాలి. వార్నిష్ లేచి కర్ర నల్లబడితే వెంటనే గీకి, ఆరబెట్టి, మళ్లీ పూయండి. ఆలస్యం చేస్తే చట్రమే మార్చాల్సి వస్తుంది.