పెట్రోలు మీద పన్నా, కిలోమీటరు మీద పన్నా?
(గేటు సభలో కార్యదర్శి ప్రసంగ పాఠం)



పెట్రోలు పోయించుకున్న ప్రతిసారీ మనం ఎక్సైజు, వ్యాటు కడుతున్నాం. రోడ్ల సెస్సు కూడా అందులోనే ఉంది. కరెంటు కారు పెట్రోలు బంకుకే రాదు. తిరిగేది మాత్రం అదే రోడ్డు మీద. అందుకే కొన్ని దేశాలు తిరిగిన దూరాన్ని బట్టి పన్ను వేస్తున్నాయి.

న్యూజిలాండులో డీజిలు బండ్లకు 1978 నుంచే ఈ పద్ధతి ఉంది. 2024 ఏప్రిల్ 1 నుంచి కరెంటు కార్లకూ వెయ్యి కిలోమీటర్లకు అక్కడి డాలర్లు 76 వేశారు. పెట్రోలు, కరెంటు రెండింటితో నడిచే ప్లగ్-ఇన్ కార్లకు 38 మాత్రమే. ఎందుకని? వాళ్లు బంకులో ముందే పన్ను కడుతున్నారు గనుక. బరువైన లారీలకు రేటు ఎక్కువ. బరువుకే రోడ్డు అరుగుతుంది గనుక.

అద్దె భరించలేక ఊరి చివర ఉంటూ షిఫ్టుకు మోపెడ్ మీద వచ్చే కార్మికుడు సరదాకు తిరగడం లేదు. కనుక మన దేశంలో ఈ పన్ను తెస్తే మన కోర్కెలు మూడు. పెట్రోలు పన్ను తగ్గించాకే దూరం పన్ను వేయాలి. ఒక రోడ్డుకు రెండు పన్నులు కట్టం. బరువును బట్టే రేటు ఉండాలి. జాతీయ రహదారి టోలులో ద్విచక్ర వాహనాలకున్న మినహాయింపు ఇందులోనూ ఇవ్వాలి.

చట్టం అయ్యాక మొత్తుకోవడం కాదు, ముందే మన మాట వినిపిద్దాం.

కార్మిక ఐక్యత వర్ధిల్లాలి!